అనంతపురం నుంచి బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాల మ్యూజియం: 42 మంది పిల్లలతో ఒక్కరోజులో ఎట్ల చూపించాలి?

ఫిజిక్స్ మేడమ్, అనంతపురం:

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి పిల్లలు 42 మంది, టీచర్లం నలుగురం. గమన నియమాల పాఠం అయిపోయింది. జెట్ ఇంజిన్ బొమ్మ బోర్డు మీద వేసి చెప్పడం కంటే, కోసి పెట్టిన నిజం ఇంజిన్ ముందర నిలబెట్టి చెప్తే బాగుంటుందని బెంగళూరులో హెచ్‌ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్ల హెరిటేజ్ సెంటర్ అనుకుంటున్నాం. తెల్లారుజామున పోయి రాత్రికి తిరిగి రావాలి. అడగాల్సినవి ఇవి. స్కూలు బస్సులోనే పోవచ్చా? ఎన్నింటికి బయల్దేరితే సరిపోతుంది? అక్కడ ఏ విమానం దగ్గర ఎంతసేపు నిలబడాలి? పిల్లలు ఫొటోలు దిగి బయటికొచ్చేస్తే పోయిన పని కాదు. కాక్‌పిట్‌లోకి ఎక్కనిస్తారా అని ఇప్పటికే రోజూ అడుగుతున్నారు.

గుత్తికోట:

మేడమ్, ముందు బస్సు సంగతి తేల్చుకోండి, ఎక్కువ ట్రిప్పులు చెడేది అక్కడే. పసుపు రంగు స్కూలు బస్సుకు ఉండేది విద్యాసంస్థ పర్మిట్. దాంతో రాష్ట్రం దాటాలంటే రవాణా శాఖ నుంచి తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి, కర్ణాటక పన్ను వేరే కట్టాలి. అవి లేకుండా బాగేపల్లి దాటితే పిల్లలను రోడ్డు పక్కన కూర్చోబెట్టుకుని గంటల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న 49 సీట్ల బస్సు మాట్లాడుకోవడం మేలు. బాడుగ ఖాయం చేసే ముందే పర్మిట్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాల నకళ్లు తీసుకుని తేదీలు చూడండి. రానూ పోనూ 430 కిలోమీటర్ల పైమాటే, ఊళ్లో తిరుగుడు వేరే. ఒకే డ్రైవర్ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తోలడం మంచిది కాదు, ఇద్దర్ని అడగండి.

టైము విషయానికొస్తే, అనంతపురం నుంచి బెంగళూరు మొదట్లో వచ్చే హెబ్బాళ వరకు 44వ నంబరు జాతీయ రహదారి బాగుంటుంది, బస్సుకు నాలుగు గంటలు చాలు. అసలు చిక్కు ఆ తర్వాత. హెబ్బాళ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద కృష్ణరాజపురం, మహదేవపుర మీదుగా మారతహళ్లి చేరి, అక్కడ కుడికి తిరిగి పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు పట్టుకోవాలి. ఇది 20 కిలోమీటర్ల చిల్లర, అంతే. కానీ ఆఫీసుల వేళ, అంటే ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, ఈ ముక్కకే గంటన్నర పోతుంది. అందుకే మూడింటికి బస్సు కదలాలి. ఏడుకల్లా హెబ్బాళ దాటి, ఎనిమిదికి మారతహళ్లి చేరి, టిఫిన్ అక్కడ పెట్టుకోండి. దారిలో టిఫిన్‌కు ఆగారంటే 46 మందికి ముప్పావు గంట, ఆ ముప్పావు గంట హెబ్బాళలో గంటన్నర అవుతుంది. మధ్యలో ఒకే ఒక్కసారి పెట్రోలు బంకు దగ్గర ఆపండి, అదీ పెనుకొండ దాటినాక.

తిరుగు ప్రయాణంలో మూడున్నరకు మ్యూజియం వదిలితే సాయంత్రం రద్దీకి ముందే హెబ్బాళ దాటుతారు. నాలుగున్నర అయిందంటే ఇంటికి చేరేది పదకొండు పైనే. తెరిచే వేళలు, టికెట్టు, స్కూలు రాయితీ గురించి వారం ముందే ఫోన్ చేసి, స్కూలు లెటర్‌హెడ్ మీద పేర్ల జాబితాతో ఉత్తరం పంపి, ఆ నకలు వెంట పెట్టుకోండి. జిల్లా విద్యాశాఖ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు మీకు తెలిసినవే.

ఓర్వకల్లు రన్‌వే:

అన్న చెప్పిన ప్రయాణం లెక్క సరిగ్గా ఉంది. నేను లోపల ఏం చూడాలో చెప్తాను.

మ్యూజియం రెండు భాగాలు. బయట ఆరుబయట నిలబెట్టిన విమానాలు. లోపల హాళ్లలో ఒకదాంట్లో 1940 నుంచి దశాబ్దాల వారీగా ఫొటోలు, ఇంకోదాంట్లో ఇంజిన్లు. చాలామంది లోపలి ఏసీ హాలు ముందు చూసి, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బయటికి వస్తారు. అప్పటికి అల్యూమినియం రేకు చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది, పిల్లలు నీడకు పరిగెత్తుతారు, విమానం వైపు ఎవరూ చూడరు. గేటు తెరవగానే బయటి విమానాలు, పదకొండున్నర తర్వాత హాళ్లు. ఈ వరుస మార్చొద్దు.

ఇంజిన్ పాఠం కోసం పోతున్నారు కాబట్టి, నా సలహా ఒక్కటే: అన్నీ చూపించబోకండి, ఒక ఇంజిన్‌ను పట్టుకుని దాని వెంట పోండి. ఆ ఇంజిన్ పేరు ఓర్ఫియస్. ఇంగ్లండులో బ్రిస్టల్ కంపెనీ తయారుచేసిన చిన్న టర్బోజెట్, తర్వాత హెచ్‌ఏఎల్ బెంగళూరులోనే లైసెన్సు మీద కట్టింది. ముందు ఏడు అంచెల కంప్రెసర్, మధ్యలో చుట్టూ ఏడు దహన గదులు, వెనక ఒకే అంచె టర్బైన్. బోర్డు మీద బొమ్మ వేయడానికి ఇంతకంటే తేలికైన జెట్ దొరకదు. గాలి ముందు నుంచి వస్తుంది, కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, దహన గదిలో కిరసనాయిలు లాంటి ఇంధనం మండుతుంది, వేడి వాయువు టర్బైన్‌ను తిప్పి వెనక్కి తన్నుకుంటూ పోతుంది. ఆ టర్బైన్‌తో ఒకే ఇరుసు మీద ఉన్న కంప్రెసర్ మళ్లీ గాలి లాగుతుంది. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మంట ముందుకు ఎందుకు రాదు?" కంప్రెసర్ వైపు ఒత్తిడి ఎక్కువ, వాయువుకు దారి వెనకవైపే తేలిక. కంప్రెసర్ రెక్కల మీద గాలి సరిగ్గా పారనప్పుడు మాత్రం ప్రవాహం తిరగబడుతుంది, దాన్నే సర్జ్ అంటారు. ముందు నుంచి పెద్ద చప్పుడు, ఒక్కోసారి మంట కూడా వస్తుంది.

ఇదే ఇంజిన్ అజీత్‌లో ఒకటి, మారుత్‌లో రెండు, కిరణ్‌లో ఒకటి. చిన్న యుద్ధవిమానం, పెద్ద యుద్ధవిమానం, శిక్షణ విమానం, మూడింటికీ గుండె ఒకటే. ఇది తెలిసి చూసిన పిల్లవాడు రంగులు చూడడు, గాలి ఎక్కడ లోపలికి పోతుంది, ఎక్కడ బయటికి వస్తుంది అని వెతుకుతాడు.

మారుత్ దగ్గర కనీసం ఇరవై నిమిషాలు ఉండండి. దీన్ని రూపొందించిన కుర్ట్ టాంక్ రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి ఫోకెవుల్ఫ్ 190 యుద్ధవిమానం గీసిన మనిషి, 1956లో బెంగళూరు వచ్చాడు. ముందు అదే కొలతలతో చెక్క గ్లైడర్ చేసి, డకోటా విమానంతో లాగించి 1959లో ఎగరేసి చూశారు. 1961 జూన్ 17న సురంజన్ దాస్ అసలు విమానాన్ని ఎగరేశాడు, అదీ మ్యూజియం పక్కనే ఉన్న ఆ హెచ్‌ఏఎల్ రన్‌వే మీది నుంచే. ఆసియాలో సోవియట్ దేశం బయట సొంతంగా రూపొందించి, వాయుసేనలో చేర్చిన మొదటి జెట్ యుద్ధవిమానం ఇదే. మొత్తం 147 కట్టారు.

పిల్లలకు చెప్పాల్సిన అసలు మాట మాత్రం దాని లోటు. ధ్వనివేగానికి రెండింతలు పోవాలని దేహం గీశారు. దానికి అనుకున్న శక్తివంతమైన ఓర్ఫియస్ రకాన్ని ఇంగ్లండు మధ్యలో వదిలేసింది, దాని ఖర్చు భరించి పూర్తి చేయించడానికి మనవాళ్లు ముందుకు రాలేదు. ఆఫ్టర్‌బర్నర్ (వెనక ఇంకోసారి ఇంధనం మండించి తోపు పెంచే ఏర్పాటు) లేని మామూలు ఓర్ఫియస్ 703లు రెండు పెట్టారు, ఒక్కోటి సుమారు 2,200 కిలోల తోపు. విమానం ధ్వనివేగం దగ్గరే ఆగిపోయింది. అయినా 1971లో రాజస్థాన్ ఎడారి మీద బాగా పనిచేసింది, కిందికి దిగి ఎగిరినా కుదురుగా ఉండేది. బలం, ద్రవ్యరాశి, త్వరణం సూత్రం నేర్పడానికి దీన్ని మించిన ఉదాహరణ ఏముంది మేడమ్! ఎఫ్ (బలం) తక్కువైతే ఏ (త్వరణం) తక్కువైంది, అంతే కదా.

హంద్రీ ఒడ్డు:

ఓర్వకల్లు అన్న రాసిన దాంట్లో చిన్న సవరణ. కిరణ్ అన్నిట్లో ఓర్ఫియస్ ఉండదు. 1964లో మొదటిసారి ఎగిరిన కిరణ్ మార్క్ 1లో ఉండేది వైపర్ ఇంజిన్. మార్క్ 2లోనే ఓర్ఫియస్ 701. బోర్డు చదవకుండా గుర్తుపట్టాలంటే రెక్కల కింద చూడండి: మార్క్ 2కు ఒక్కో రెక్క కింద రెండేసి, మొత్తం నాలుగు పైలాన్లకు, అంటే ఆయుధాలు తగిలించే కొక్కాలకు, చోటు ఉంటుంది, ముక్కులో రెండు మెషిన్‌గన్లు. పిల్లలకు తప్పు చెప్పకుండా ఉండాలంటే ముందు బోర్డు మీద మార్క్ ఎంతో చూసుకుని తర్వాత ఇంజిన్ కథ ఎత్తుకోండి.

ఇంకో సంగతి. 42 మందిని ఒకే విమానం చుట్టూ నిలబెడితే ముందు వరుస పదిమందికే వినిపిస్తుంది. ఏడుగురికి ఒక జట్టు చొప్పున ఆరు జట్లు చేసి, ఒక్కో జట్టును ఒక్కో విమానం దగ్గర పది నిమిషాలు పెట్టి, విజిల్ వేసి మార్చండి. ఆరు విమానాలు గంటలో అయిపోతాయి. తర్వాత అందర్నీ కలిపి మారుత్ దగ్గరికి తీసుకుపోతే, అప్పటికే చూసి ఉంటారు కాబట్టి ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ప్రతి జట్టుకు ఒక అట్ట, ఒక పెన్సిల్, ఒక కాగితం చాలు. ఐదే ప్రశ్నలు: గాలి లోపలికి పోయే దారి ఎక్కడుంది, వెనక ఎన్ని రంధ్రాలు, మూడో చక్రం ముక్కు కిందనా తోక కిందనా, సీట్లు ఎన్ని (పక్కపక్కనా, ముందూవెనకా), రెక్కల వెడల్పు ఎన్ని అడుగులేస్తే వచ్చింది. చివరిది చాలా ముఖ్యం. ముందురోజు స్కూలు వరండాలో ఆరు మీటర్లు గీత గీసి, పది అడుగుల్లో దాటేలా నడిపించి అలవాటు చేయండి, అడుగుకు 60 సెంటీమీటర్లు వస్తుంది. మ్యూజియంలో కంచె బయటే, ఒక రెక్క కొసకు ఎదురుగా మొదలుపెట్టి రెండో కొసకు ఎదురుగా ఆగాలి.

మీరు సరిచూసుకోడానికి కొలతలు ఇస్తున్నా. అజీత్ 6.73 మీటర్లు, అంటే పిల్లల నడకలో 11 అడుగులు. మిగ్-21 7.15 మీటర్లు, 12 అడుగులు. మారుత్ 9 మీటర్లు, 15 అడుగులు. కిరణ్, హెచ్‌టీ-2 రెండూ 10.7 మీటర్ల దగ్గరే, 18 అడుగులు. కాన్‌బెర్రా బాంబర్ 19.5 మీటర్లు, 32 అడుగుల పైన.

ఈ లెక్కలు బోర్డు మీద వరుసగా రాస్తే పాఠం దానంతటదే వస్తుంది. హెచ్‌టీ-2 గంటకు రెండు వందల కిలోమీటర్ల చిల్లర పోయే పంకా విమానం, దానికి రెక్క 10.7 మీటర్లు. ధ్వనికి రెండింతలు పోయే మిగ్-21కు రెక్క 7.15 మీటర్లే! వేగం ఎక్కువైతే చిన్న రెక్క మీదే సరిపడా ఎత్తే బలం పుడుతుంది, పెద్ద రెక్క గాలికి అడ్డమే. దానికి మూల్యం దిగేటప్పుడు కట్టాలి. చిన్న రెక్కతో నెమ్మదిగా ఎగరలేదు కాబట్టి మిగ్-21 గంటకు మూడు వందల కిలోమీటర్ల దగ్గరి వేగంతో నేల తాకుతుంది. తోక నిలువు రెక్క మొదట్లో గొట్టం లాంటి డబ్బా చూపించండి, బ్రేకు పారాచూట్ ఉండేది అందులోనే. తొలి రకాల్లో అది పొట్ట కింద ఉండేది.

కాన్‌బెర్రా రెక్క ఎందుకంత వెడల్పు అంటే, అది వేగం కోసం కాదు, ఎత్తు కోసం. పలచటి గాలిలో ఎగరాలంటే రెక్క విస్తీర్ణం కావాలి. 1957 నుంచి 2007 దాకా యాభై ఏళ్లు మన వాయుసేనలో ఉంది. అజీత్‌కు మూలమైన న్యాట్‌నూ ఈ కాన్‌బెర్రానూ గీసింది ఒకే డిజైనర్, పెట్టర్ అనే ఇంగ్లీషాయన. అంత పెద్దదీ ఇంత చిన్నదీ ఒకే చేతి గీతలని చెప్తే పిల్లలు రెండింటినీ మళ్లీ పోయి చూస్తారు.

మిగ్-21 ముక్కులో ఉన్న కోసుగా ఉండే శంకువును కూడా వదలొద్దు. అందులో రాడార్ ఉంటుంది, కానీ పని అదొక్కటే కాదు. ధ్వనివేగం దాటినప్పుడు గాలి ఒక గోడలా అడ్డం నిలుస్తుంది. ఇంజిన్‌కు ఆ గాలి నెమ్మదించి చేరాలి. శంకువు ముందుకూ వెనక్కూ జరిగి ఆ గాలి గోడను, అంటే ఆఘాత తరంగాన్ని, సరైన చోట నిలుపుతుంది. మారుత్ పక్కల గాలి దారుల్లో సగం శంకువులు కనిపిస్తాయి, అదీ అందుకే. మిగ్-21 విమానాలు 1963లో వచ్చి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి, కాబట్టి పిల్లలు పేపర్లో చూసే ఉంటారు.

ఫిజిక్స్ మేడమ్, అనంతపురం:

అన్నా, అడుగుల కొలత ఆలోచన మా పిల్లలకు సరిగ్గా సరిపోతుంది, రేపే వరండాలో గీత గీయిస్తాను. కాక్‌పిట్ సంగతి, హాలులో ఎంతసేపు ఉండాలి అన్నది కూడా చెప్పండి. సాయంత్రం కొంచెం టైము మిగిలితే దగ్గర్లో ఇంకేమైనా ఉందా?

ఓర్వకల్లు రన్‌వే:

హంద్రీ అన్న సవరణ సరైనదే, కిరణ్ మార్క్ చూసుకునే చెప్పండి.

కాక్‌పిట్‌లోకి ఎక్కించే ఆశ పెట్టకండి మేడమ్. చాలా మ్యూజియాల్లో బయట నిలబెట్టిన పాత యుద్ధవిమానం మూత మూసే ఉంటుంది, దానికి గట్టి కారణాలున్నాయి. మూత యాక్రిలిక్ ప్లాస్టిక్, ఎండకు సన్నటి పగుళ్లు బారి మసకబారుతుంది, పదేపదే తెరిస్తే పగులుతుంది. ఎజెక్షన్ సీటులోని మందుగుండు తీసేసే నిలబెడతారు, కానీ సీటు కదిలే భాగాలు అట్లే ఉంటాయి. అన్నిటికంటే, పాత విమానాల డయళ్ల అంకెలు చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. ఆ రంగు ఇప్పుడు వెలగదు, రేడియో ధార్మికత మాత్రం ఉంటుంది. రంగు పొడిగా రాలితే ఊపిరితో లోపలికి పోయే ప్రమాదం. ఇది పిల్లలకు ముందే తరగతిలో చెప్పండి, అప్పుడు గేటు దగ్గర నిరాశ ఉండదు.

గాలి దారులకు, ఎగ్జాస్టుకు ఎర్ర మూతలు, వలలు ఎందుకు బిగించారని కూడా అడుగుతారు. పావురాలు, గోరింకలు లోపల గూళ్లు పెడతాయి. గూడు తడి పట్టుకుంటుంది, రెట్ట ఆమ్లంలా పనిచేసి అల్యూమినియంను, ఇంకా ముందు మెగ్నీషియం మిశ్రమ భాగాలను తింటుంది. చక్రాల దగ్గర వంగి చూడండి, చాలా విమానాల బరువు టైర్ల మీద కాక ఇనుప దిమ్మెల మీద ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే చోట నిలిస్తే రబ్బరు చదునై పగిలిపోతుంది. పైన రంగు, నంబర్లు కూడా మళ్లీ మళ్లీ వేసినవే అయి ఉంటాయి, కాబట్టి నంబరును బట్టి ఈ విమానమే ఫలానా యుద్ధంలో పోరాడిందని చెప్పకండి.

ఇంజిన్ల హాలుకు 45 నిమిషాలు. ఇరవై ఒక్క మంది చొప్పున రెండు విడతలుగా పంపండి, మిగతా సగం ఫొటోల హాలులో ఉంటుంది. ఫొటోల దగ్గర రెండు విషయాలు చెప్తే చాలు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి ఈ కంపెనీ పెట్టాడు, 1941లోనే హార్లో శిక్షణ విమానం ఇక్కడ బిగించి ఎగరేశారు. యుద్ధం రోజుల్లో ఇది అమెరికా విమానాల మరమ్మతు కేంద్రం. నీళ్ల మీద దిగే కాటలీనాలను దగ్గర్లోని బెళ్ళందూరు చెరువులో దింపి, ఒడ్డుకు లాగి బాగుచేసేవారు. మీ బస్సు తిరిగే మారతహళ్లి నుంచి ఆ చెరువు ఎంతో దూరం లేదు.

టైము మిగలదు, మిగిలినట్టు అనిపించినా ఇంకోచోటు పెట్టుకోవద్దు. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియంలో రైట్ సోదరుల విమానానికి నిలువెత్తు నమూనా ఉంది, బాగుంటుంది, కానీ దానికే సగం రోజు కావాలి. ఊరి మధ్యకు బస్సు పోతే సాయంత్రం హెబ్బాళ లెక్క తప్పుతుంది. పనిదినాన పోతే హెచ్‌ఏఎల్ రన్‌వే మీద పరీక్షలకు ఎగిరే హెలికాప్టర్ల, జెట్ల చప్పుడు వినపడే వీలుంది. ఆ వైపు కెమెరా ఎత్తనీయకండి, అది రక్షణ శాఖ స్థలం.

సిద్దవటం:

ఇదే చదివి కడప నుంచి పోవాలనుకునే వాళ్లకు ఒక మాట. మనం 44వ నంబరు రోడ్డు ఎక్కి చుట్టు తిరగనక్కర్లేదు. రాయచోటి, మదనపల్లె, చింతామణి, హోసకోట మీదుగా పోతే నేరుగా కృష్ణరాజపురం వస్తుంది, హెబ్బాళ రద్దీయే తగలదు. సుమారు 250 కిలోమీటర్లు, కానీ మదనపల్లె వరకు మలుపులెక్కువ, వాంతులయ్యే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టండి, ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు.

కర్నూలు వాళ్లకు 360 కిలోమీటర్లు, ఒక్కరోజులో పిల్లలతో కుదరదు. వందేభారత్ ఉంది కదా అనుకుంటే అది యశ్వంతపురం చేరేదే మధ్యాహ్నం రెండు ప్రాంతంలో, ముప్పావు గంటలో తిరిగి బయల్దేరుతుంది. రాత్రి బస చేసి మర్నాడు పొద్దున చూడాలి.

విమానం లోపలికి ఎక్కి తీరాలని పిల్లలు పట్టుబడితే దానికి విశాఖపట్నమే చోటు. బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది, నౌకాదళం 2017లో విరమించుకున్న జలాంతర్గాముల వేట విమానం. 29 ఏళ్లలో 30 వేల గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది. రెక్కల వెడల్పు 50 మీటర్లు, మీ అడుగుల లెక్కలో 83. నాలుగు ఇంజిన్లకూ ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు పంకాలు. లోపల నడిచి చూడొచ్చు, ఎదురుగానే కురుసుర జలాంతర్గామి. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే చూడనిస్తారు, కాబట్టి పొద్దున్నే పోయి నిలబడొద్దు. కడప నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్ నేరుగా పోతుంది.

గుత్తికోట:

మేడమ్, తిండి గురించి మరిచిపోయాను. మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగన్నం ఇంటి నుంచే కట్టించండి, 46 మందిని మారతహళ్లి హోటల్లో కూర్చోబెడితే గంటన్నర పోతుంది. పెరుగన్నం తెల్లారుజామున పెరుగుతో కలిపితే ఒంటిగంటకు పులుస్తుంది. మెత్తగా ఉడికిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, కిలో బియ్యానికి రెండు చెంచాల పెరుగు మాత్రం కలపండి, తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. చిత్రాన్నంలో కొబ్బరి వేయొద్దు, ఎండకు పాచిపోతుంది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు బస్సు డిక్కీలో కాకుండా వెనక సీటు దగ్గర పెట్టించండి, దిగిన ప్రతిసారీ డిక్కీ తెరిపించే పని తప్పుతుంది.